మూడు బిల్లుల గడువు

2007 జూన్ 4, సోమవారం

టెలిఫోన్ ఆఫీసు లైన్‌మన్ పీరన్న పొద్దున వచ్చి వీధి స్తంభం నుంచి మా గడప దాకా తీగ లాగి పోయాడు. లోపలి తీగ మమ్మల్నే లాక్కోమన్నాడు. దేవుడి పటాలున్న గోడకు మేకు కొట్టొద్దని అత్త అంది. మిగతా గోడలు మట్టివి, మేకు నిలవదు. చివరికి మా ఆయనే నిచ్చెన వేసుకుని మగ్గాల మీది దూలం వెంబడి మేకులు కొట్టి తీగ బిగించాడు. దూలం చివర, ఈమధ్యే కొన్న పాత కంప్యూటర్‌కు పైన, మోడెమ్ అనే చిన్న పెట్టె పెట్టాడు. దానికి పచ్చ దీపాలున్నాయి.

మా ఇంట్లో రెండో మగ్గం మీద కూలికి నేసే గంగక్క పేక దారం దూర్చే నాడె చేతిలో పట్టుకుని అదంతా చూసింది.

"ఏమే ప్రేమా, చెవులు వినపడనోనికి ఫోను తీగ ఏంటికే?" అంది.

నాకు జవాబు తెలుసు. నోరు రాలేదు. ఎప్పుడూ అంతే. అత్తే చెప్పింది, ఇది ఫోను కాదని, ఇంటర్నెట్టని, బస్టాండు షాపులో ఉండేలాంటిది కాదు, వేగంగా పోయే రకమని, నెలకు ఐదువందలని. ఐదువందల దగ్గర గొంతు పెంచింది. హిందూపురంలో ఉన్న స్నేహితుణ్ణి చూడాలంటే ప్యాసింజర్ ఎక్కి పోయి చూసి రావచ్చు గదా అంది. తర్వాత నావైపు తిరిగింది, ఇదంతా నేనే చేయించినట్లు.

"మూడు బిల్లులు చూస్తా. మూడో బిల్లునాటికి దీంతో ఈ ఇంటికేం ఒరిగిందో నాకు కనపడకపోతే ఆ తీగ నేనే పీకి పొయ్యిలో పెడతా."

ఆయన అత్త ముఖం చూసి నా ముఖం చూశాడు. ఏమంటోంది అని. నేను తల దించుకున్నాను.

జూన్ 6

రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడినా కొలత లేదట. తర్వాత వాడితే కొలుస్తారట. అందుకని పొద్దున ఆరున్నరకు మాట్లాడుకుందాం అనుకున్నారు ఆయనా, హిందూపురం స్నేహితుడు ఆశీర్వాదమూ.

ఆశీర్వాదానికి కూడా వినపడదు. ఇద్దరూ చెవిటి పిల్లల బడిలో, ఒకే హాస్టల్లో ఏడో తరగతి దాకా ఉన్నారు. వాళ్లు చేతులతో మాట్లాడుకునే భాష అక్కడిదే. అత్తకు వచ్చినవి ఇంటి సైగలు. తిను, రా, దుడ్లు, పడుకో. మీసం తిప్పితే సావుకారి. ముక్కుపుడక తాకితే నేను. ఇరవై ముప్ఫై ఉంటాయేమో. నాకు వచ్చినవీ అవే, అత్త నేర్పినవి.

ఇన్నాళ్లూ ఆయన బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ షాపుకు పోయేవాడు. ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. తెరమీద ఆశీర్వాదం చెయ్యి ఎత్తడం కనపడింది, అక్కడే నిలిచిపోయింది. మళ్లీ కదిలేసరికి రెండు చేతులూ కింద ఉన్నాయి. మధ్యలో చెప్పిన మాట ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. వెనక పదిమంది నిలబడి మమ్మల్ని చూశారు. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

ఈరోజు చెయ్యి చెయ్యిలాగే కదిలింది. వేళ్లు కూడా విడివిడిగా కనపడ్డాయి. ఆశీర్వాదం ఏదో అన్నాడు, ఆయన నవ్వాడు. పైకే నవ్వాడు. పెళ్లయి రెండేళ్లు. ఆయన నవ్వు చప్పుడు ఎట్లా ఉంటుందో నాకీరోజే తెలిసింది.

జూన్ 9

నాకేం బాధ లేదు. పాపం ఆయనకూ ఒక మనిషి కావాలి గదా మాట్లాడటానికి.

కానీ గంటసేపు ఏం మాట్లాడతారు?

నాతో రోజంతా పది సైగలు. మరీ అవసరమైతే నోటుబుక్కు. ఆయన రాసే తెలుగు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నేను ఐదో తరగతి వరకే చదివినదాన్ని, నా రాత నెమ్మది. నవ్వొచ్చే మాటైనా రాసి ఇచ్చేలోపల చప్పబడిపోతుంది. మగ్గం మీద కూర్చుంటే అదీ లేదు. ఆయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తాడు, నేను పక్కన కూర్చుని అంచు నాడె వేస్తాను. గంగక్కా, ఆమె మొగుడూ ఊరి సంగతులన్నీ నేస్తూనే మాట్లాడుకుంటారు. మా ఇద్దరికీ చేతులు ఖాళీ ఉండవు.

తెరముందు ఆయన రెండు మూడుసార్లు నావైపు చూపించి ఒక సైగ చేశాడు. ముక్కుపుడక కాదు, వేరేది. ఆశీర్వాదం తల ఊపాడు. అదేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

జూన్ 12

లైను పోతోంది. బొమ్మ నిలిచిపోతుంది, దీపం ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. ఈ పొద్దున తొమ్మిదిసార్లు.

జూన్ 15

అమావాస్య. మగ్గాలు లేవు. ఇల్లంతా బూజు దులిపాను. ఆయన ఎనిమిది దాకా తెరముందే. ఒక్కసారి కూడా పోలేదు.

జూన్ 23

మళ్లీ మామూలే. ఆయన బజారులో ఒకరిచేత ఫోన్ చేయించి ఫిర్యాదు ఇచ్చాడు. పీరన్న వచ్చాడు. ఇంటికి మనిషి వచ్చాడని గంగక్క వాళ్లు మగ్గం ఆపి దిగారు. అత్త మంచినీళ్లు ఇచ్చింది. పీరన్న అరగంట కూర్చున్నాడు. దీపం కొండమీద దీపంలా నిలకడగా వెలిగింది. బాగుందమ్మా అని వెళ్లిపోయాడు.

పావుగంట తర్వాత ఆరిపోయింది.

జూన్ 30

పీరన్న మళ్లీ వచ్చాడు. మళ్లీ బాగుంది. కాఫీ తాగాడు, గంగక్క కొడుకు పెళ్లి సంబంధం గురించి మాట్లాడాడు. దీపం కదల్లేదు.

"నేనొస్తే బాగుంటాది, నేను పోతే పాడైతాది. నేనేమన్నా దయ్యమా అక్కా?" అన్నాడు అత్తతో.

"అట్లయితే ఈడే మంచమేసుకోనుండు పీరా. ఆ ఐదొందలు నీకే ఇస్తాం," అంది అత్త.

అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని ఆయన నన్ను చూశాడు. ఆ మాటను చేతులతో ఎట్లా చెప్పాలి? మంచం, పీరన్న, ఐదొందలు. మూడూ విడివిడిగా చూపించినా అందులో నవ్వు రాదు. నేను తల దించుకున్నాను. ఆయన పోయి గుంతలో కూర్చున్నాడు.

జూలై 4

మొదటి బిల్లు వచ్చింది. అత్త దాన్ని చెంబు కింద పెట్టింది, అందరికీ కనపడేటట్లు.

జూలై 8, ఆదివారం

హిందూపురం పోయి వచ్చాం. లైను అసలు నిలవడం లేదని ఆయనే బయలుదేరాడు, నన్ను రమ్మన్నాడు. అత్త అడ్డం చెప్పలేదు. రైలు చార్జీ ఎంత తక్కువో చూడు అన్నట్లుంది ఆమె ముఖం. కానీ పోయి వచ్చేసరికి ఒక రోజు నేత పోయింది, అదీ ఇద్దరిది. ఆ సంగతి నేను అనలేదు.

రైలు పెనుకొండ దాటేటప్పుడు కొండ కనిపించింది. మా నాయన ఇల్లు కనపడుతుందేమోనని చూశాను. కనపడదు, అయినా చూస్తాను.

ఆశీర్వాదం భార్య మేరీ అక్కకు వినపడుతుంది. మాట కూడా గట్టిది. టైలరింగ్ షాపు నడుపుతుంది. ఆమె ఒక చేత్తో దోసె తిప్పుతూ ఇంకో చేత్తో ఆశీర్వాదంతో మాట్లాడుతుంది, నోటితో నాతో మాట్లాడుతుంది. నీకెట్లా వచ్చిందక్కా అని అడిగాను. మెల్లగా అడిగాను.

"పెండ్లైన కొత్తలో రోజంతా గోడ చూస్కోని కూర్చునేదాన్ని. ఆమీద రోసమొచ్చింది. ఈ మనిషి ఊరోళ్లందరితో చేతులూపి నాతో మాత్రం అన్నం, నీళ్లా? అనుకున్నా. నేర్చుకున్యా. నువ్వూ నేర్చుకో ప్రేమా. పొద్దున్నే ఆరున్నరకి నేనుంటా. కానీ రోజూ ఉండాల. నెలకొకసారి రైలెక్కొస్తే రాదు."

సాయంత్రం స్టేషన్‌కు వాళ్లిద్దరూ వచ్చారు. రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీద అందరూ ఏవేవో అరుస్తున్నారు. జాగ్రత్త, ఫోన్ చెయ్యి, అవ్వను అడిగినానని చెప్పు. రైలు చప్పుడులో ఏ మాటా అందడం లేదు. లోపలున్నవాళ్లు ఏమంటివి ఏమంటివి అంటున్నారు. ఆయనా, ఆశీర్వాదమూ మాత్రం కిటికీలోంచి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ప్లాట్‌ఫాం అయిపోయింది, గేటు దాటింది, ఆశీర్వాదం వేలెడంత అయ్యాడు. ఇంకా మాట్లాడుకుంటున్నారు. బోగీ మొత్తం మీద మాట పూర్తిచేసుకున్నది ఆయనొక్కడే.

నాకు ఆ భాష కావాలి. ఇన్నాళ్లూ వద్దని ఎందుకు రాసుకున్నానో.

జూలై 11

మేరీ అక్క తెరమీదికి వచ్చింది. మూడు మాటలు చూపించింది. నాలుగోదాని మధ్యలో లైను పోయింది.

జూలై 13

ఐదు నిమిషాలు కూడా లేదు. రెండో బిల్లుకు ఇంకా మూడు వారాలే ఉందని అత్త అంది.

జూలై 14

అమావాస్య. ఈరోజు లైను పోలేదు. ఎనిమిది దాకా మేరీ అక్కతో కూర్చున్నాను. పదకొండు మాటలు వచ్చాయి. అమావాస్య మంచి చేసిందే అని అత్త నవ్వింది.

జూలై 15

గంగక్క ఆరింటికే వచ్చి మగ్గం ఎక్కింది. లైను పద్నాలుగుసార్లు పోయింది.

జూలై 16

నిన్న రాత్రి ఈ పుస్తకం వెనక్కి తిప్పుతుంటే జూన్ 15 కనపడింది. అదీ అమావాస్యే. ఆ రోజూ పోలేదు.

దయ్యం కాదు, అమావాస్యా కాదు. అమావాస్యనాడు మేం నెయ్యం. పీరన్న వచ్చిన రోజు గంగక్క వాళ్లు దిగుతారు.

పొద్దున మగ్గం మీద కూర్చుని దూలం చివర చూస్తూ ఉన్నాను. ఆయన కాలితో తొక్కాడు. దూలం మీది జాకార్డు, చీరకు పూలెత్తే యంత్రం, లేచింది. దూలం వణికింది. దీపం ఆరింది.

మళ్లీ తొక్కాడు. మళ్లీ ఆరింది.

నేను అంచు నాడె వేయడం మరిచిపోయాను. ఆయన ఏమైంది అని చూశాడు. నేను పైకి చూపించాను. దూలం చూపించాను, కాలు చూపించాను, దీపం చూపించాను. రెండు చేతులతో వణికించి చూపించాను. ఆయన తొక్కి చూశాడు. ఇంకోసారి తొక్కి చూశాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు. ఆ దూలానికి మేకులు కొట్టింది ఆయనే గదా.

జూలై 17, మంగళవారం

తీగ ఎక్కడ అతుకు వదులైందో ఆయన వెతికాడు, దొరకలేదు. పీరన్నే రావాలి. బజారులో ఇంకొకరిని బతిమాలి ఫోన్ చేయిస్తే మళ్లీ ఉత్తగానే వచ్చి పోతాడు. సంగతి విడమరిచి చెప్పాలి. చెప్పగలిగింది నేనే.

టెలిఫోన్ ఆఫీసు ముందర వేపచెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. ఒకసారి వెనక్కి తిరిగి మూల దాకా వచ్చేశాను. తర్వాత పోయి చెప్పాను. ఎట్లా చెప్పానో తెలియదు. పీరన్న నావెంటే సైకిల్ మీద వచ్చాడు.

అతను గడప దాటగానే గంగక్క మామూలుగా మగ్గం దిగబోయింది.

"గంగక్కా, దిగొద్దు. నెయ్యి," అన్నాను.

ఆ గొంతు నాదేనా అని నాకే అనిపించింది. గంగక్క నోరు తెరుచుకుని చూసింది.

"నేనుండంగా మగ్గమేంటికి తల్లీ, చెవులు పగుల్తాయి," అన్నాడు పీరన్న.

"నువ్వొచ్చినప్పుడల్లా ఆపుతాండాం అన్నా. అందుకే నీకు కనపడల్యా. ఈసారి నువ్వు ఆ దీపం చూడు."

గంగక్క మొగుడు నాలుగు దెబ్బలు నేశాడు. నాలుగుసార్లూ ఆరింది. పీరన్న నిచ్చెన ఎక్కి చూసి, దిగి, అక్కడే గడపలో కూలబడి నవ్వాడు. టెలిఫోన్ లైనును మగ్గానికి కట్టిన వాళ్లను ధర్మవరంలోనే చూస్తాం అన్నాడు. తీగ దూలం మీద ఉంటే ఎన్నిసార్లు అతికినా ఇంతే, గోడకు పోవాల్సిందే అన్నాడు. మేకు నిలిచే గోడ ఒకటే.

అందరం అత్త వైపు చూశాం. ఆమె చెయ్యి తుడుచుకుని, స్టూలు ఎక్కి, ఆంజనేయస్వామి పటం తీసి జానెడు పక్కకు తగిలించింది.

"ఆ సందులో కొట్టుకోండి," అంది.

జూలై 18

ఒక్కసారి కూడా పోలేదు. గంగక్క నేస్తూనే ఉంది.

జూలై 19

పోలేదు.

జూలై 26

మేరీ అక్క ఈరోజు నన్ను తిట్టింది. నాకు మాటలు వస్తున్నాయి గానీ ఆమె చేతులు కదిలించేటప్పుడు మధ్య మధ్యలో కిందికి చూస్తానట. గౌరవం అక్కా, అలవాటైపోయింది అన్నాను. కొత్తకోడలివి, మొగుడి ముఖంలోకి నేరుగా చూడొద్దని పెళ్లినాడు మా అవ్వ చెప్పి పంపింది. మొగుడు మాట్లాడుతుంటే తల దించుకుని వినడమే మర్యాద.

మేరీ అక్క తెరకు దగ్గరగా జరిగింది.

"నువ్వు తల దించితే చెవులు మూసుకున్నట్ల ప్రేమా. ఆయన చెప్తాండాడు, నువ్వు మొగం తిప్పేస్తివి. రెండేండ్లు. నీకు ఆయన పెట్టిన పేరేందో తెలుసునా?"

చూపించింది. వంచిన అరచెయ్యి ముఖం ముందు నుంచి కిందికి జారడం. తెరముందు ఆయన నావైపు చూపించి చేసేది అదే. తల దించేది అని అర్థం. వినదు అని కూడా.

ఆయనకు నేనంటే ఇష్టం లేదేమో అనుకుని నేను, నాకు ఆయన మాటంటే ఇష్టం లేదేమో అనుకుని ఆయన.

ఆ తర్వాత ఎంతసేపు ఏడ్చానో రాయను.

జూలై 27

ముఖంలోకి చూశాను. ఆయన ఏం చెప్పాడో సగం అర్థం కాలేదు. అయినా చూపు తిప్పలేదు. ఆయనే సిగ్గుపడి లేచి పోయాడు.

జూలై 30

వచ్చిన మాటలు: నిన్న, రేపు, అబద్ధం, ఆకలి, అలసట, గొప్పలు, వాన, పిచ్చి, నాకు తెలుసు, నాకు తెలియదు, నీదే తప్పు.

ఆగస్టు 3

రెండో బిల్లు. అది కూడా చెంబు కిందికే.

ఆగస్టు 6

పీరన్న మంచమేసుకునే సంగతి ఆయనకు ఇప్పుడు చెప్పాను. నెల దాటిన నవ్వు. అయినా నవ్వాడు. మళ్లీ చెప్పమన్నాడు.

ఆగస్టు 11

నాకు కొత్త పేరు పెట్టాడు. రెండు వేళ్లతో కంటి నుంచి ముందుకు. చూసేది.

ఆగస్టు 19, ఆదివారం

ఈరోజు సంగతి నిదానంగా రాయాలి.

చీర మగ్గం దిగితే సావుకారి దగ్గరికి ఆయనతో అత్త పోతుంది. ఇరవై ఆరేళ్లుగా ఆయన నోరు ఆమే. మోకాళ్ల నొప్పితో ఈసారి లేవలేకపోయింది, నన్ను పొమ్మంది. సావుకారి ఏమన్నా సరే అనుమని, ఎక్కువ మాట్లాడొద్దని చెప్పింది. ఎక్కువ మాట్లాడొద్దని నాకు చెప్పడం.

సావుకారి చీర విప్పి ఎండకు పట్టాడు. మధ్యలో ఒక మూర దగ్గర రంగు తేడా ఉంది. నేతలో నిర్లక్ష్యం, కూలి కోస్తానన్నాడు. లోపల ఇంకా నలుగురైదుగురు మగవాళ్లున్నారు. ఆయన నా భుజం తట్టి చేతులు కదిలించడం మొదలుపెట్టాడు. అందరూ చూస్తున్నారు. బస్టాండు షాపులో చూసినట్లే చూస్తున్నారు. కానీ ఆయన ముఖం నుంచి చూపు తిప్పితే ఆ మాట పోతుంది. తిప్పలేదు.

"పేక పట్టు రెండు వేరే వేరే తొట్లలో రంగేసిందంట సావుకారూ. పోయిన నెల ఇచ్చిన కట్టలు నాలుగు, మొన్న ఇచ్చినవి రెండు. మొన్నటివి చేతికి గరుకుగా ఉండాయంట, రంగు కాగేటప్పుడు నీళ్లు మారినాయంట. మిగిలిన కండె తెచ్చినాడు. మీ బీరువాలో ఉండే పోయిన నెల కట్ట పక్కన పెట్టి చూడమంటాండాడు."

అంతా ఒకేసారి చెప్పలేదు. గరుకు అన్న మాట నాకు రాలేదు, ఆయన నా చేతిమీద వేలితో గీకి చూపించాడు. రెండుసార్లు మళ్లీ చెప్పమని అడిగాను. అందరి ముందరే అడిగాను.

సావుకారి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. కూలి కోయలేదు. కోయకపోవడమే కాదు, రంగులు వేసేవాణ్ణి పిలిపించాడు. ఆయన వైపు చెయ్యి చూపి, వచ్చే పట్టు ఇంటికి పంపే ముందు మురళికి చూపించి పంపమని గుమాస్తాకు చెప్పాడు.

"ఏమప్పా మురళీ, ఇన్నేండ్లూ ఇంత తెలిసి ఉలకవు పలకవే?" అన్నాడు.

నేను ఆ మాట చేతుల్లో చెప్పాను. ఆయన జవాబిచ్చాడు. నేను నవ్వు ఆపుకుని చెప్పాను.

"పలుకుతానే ఉండానంట. మీరే ఇటు చూడల్యాంట."

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె మోకాలికి నూనె రాసుకుంటూ వింటోంది. చెయ్యి ఆగిపోయింది.

"రంగు నీళ్ల సంగతి వాడే చెప్పినాడా? వానంతట వాడే?"

అవునన్నాను.

"నాకెప్పుడూ చెప్పల్యా," అంది.

కొంతసేపటికి మళ్లీ అంది, "నాకు చెప్పేందుకు మాటలు యాడుండాయిలే వానికి. నేనిచ్చినవి ముప్ఫై."

ఆగస్టు 22

ఆరున్నరకు కంప్యూటర్ దగ్గరికి పోయేసరికి వెనక స్టూలు మీద అత్త కూర్చుని ఉంది. కాఫీ తాగుతాండా, నీ పని నువ్వు చూసుకో అంది. ఎనిమిది దాకా ఆ గ్లాసు ఖాళీ కాలేదు.

ఆగస్టు 29

మేరీ అక్క తెరలోంచి, వెనకున్న ఆమె మీ అత్తనా, ముందుకు రమ్మను అంది. అత్త రాలేదు. కానీ ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు ఉప్పు చాలిందా అని చేతులతో అడిగింది. బడి భాషలో అడిగింది. ఆయన ముద్ద కంచంలో పెట్టేసి ఆమెనే చూశాడు.

సెప్టెంబరు 3, సోమవారం

మూడో బిల్లు వచ్చింది.

అత్త దాన్ని చెంబు కింద పెట్టలేదు. ఆయన చేతికిచ్చి లోపలికి పోయింది. గడువు గురించి ఒక్క మాట లేదు. నేను గెలిచాననుకుని రొట్టెల పిండి కలుపుతున్నాను. ఆయన వచ్చి ఎదురుగా నిలబడి, ఇక తీసేద్దాం అన్నాడు.

మొదట నాకు తప్పుగా అర్థమైందనుకున్నాను. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పాడు. నీకు మాట వచ్చింది. అమ్మకు కూడా వస్తోంది. ఆశీర్వాదాన్ని నెలకోసారి రైల్లో పోయి చూస్తాను. ఈ ఐదువందలు మిగిల్చితే ఏడాదికి సొంత పడుగుకు బయానా అవుతుంది. సావుకారి పట్టు మీద ఎన్నాళ్లు నేస్తాం?

మంచి మాటే. అందుకే నాకు కోపం వచ్చింది.

పిండి చేతులతోనే అన్నాను, నాకు వచ్చినవి నూట ఎనభై మాటలు. నేను పుస్తకంలో రాసుకుంటున్నాను, లెక్క తెలుసు. ఒకవేళ అనే మాట నాకింకా రాదు. సొంత పడుగు కొందాం అంటున్నావు, ఒకవేళ నష్టమొస్తే అని నిన్ను అడగాలంటే ఏ చెయ్యి ఎత్తాలి?

అదెంత, నేను నేర్పుతాను అన్నాడు.

రెండేళ్లు పక్కనే కూర్చున్నావు, ఎన్ని నేర్పావు అన్నాను.

నువ్వు చూశావా అన్నాడు.

నువ్వు నా గడ్డం పట్టుకుని పైకెత్తావా అన్నాను.

ఆయన చేతుల వేగం పెంచాడు. నాకు సగమే అందింది. ఆగు, మెల్లగా, నన్ను మోసం చేయొద్దు అన్నాను. నేల మీద కాలు తొక్కి అన్నాను. ఆయనా తొక్కాడు. పిండి ఆయన చొక్కా మీద పడింది. గంగక్క వాళ్లు మగ్గం ఆపేశారు. నెలకు మూడు చీరలు నేస్తాం, ఒక మనిషికి మాట రావడానికి అందులో ఒక చీర కూలిలో మూడో వంతు ఎక్కువా అన్నాను. మనకు రేపు ఒక బిడ్డ పుడితే నూట ఎనభై మాటలతో కథ చెబుతానా, ఆ బిడ్డ నాయనతో పది సైగలతో సరిపెట్టుకోవాలా అన్నాను. ఆయన ఏదో అనబోయి చేతులు దించాడు.

గంగక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఏమైంది వెంకటలక్ష్మమ్మక్కా, కొట్టుకుంటాండారా అని అడిగింది.

"ఏం కాల్యా పోవే," అంది అత్త. ఆమె గొంతులో కొంచెం మిడిసిపాటు ఉంది. "మొగుడూ పెండ్లాం మాట్లాడుకుంటాండారు. నువ్వు నీ మగ్గం చూస్కో."

ఆయన బిల్లు జేబులో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు. కాఫీ ఇవ్వబోతే తీసుకోలేదు. కట్టడానికే పోయాడు. అత్త కిటికీలోంచి ఎటు తిరుగుతాడో చూసి, టెలిఫోన్ ఆఫీసు వైపే అని చెప్పింది.

సెప్టెంబరు 4

రసీదు మోడెమ్ కింద పెట్టి ఉంది. ఆయన నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. పొద్దున మగ్గం మీద పక్కపక్కనే కూర్చున్నాం. మామూలుగానే చేతులు ఖాళీ లేవు, మామూలుగానే ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఇది ఎప్పటి మౌనం కాదు. ఇది అలక. చూసీ చూడనట్లు నన్ను చూస్తున్నాడు, నేను చూడగానే మగ్గం పన్నె వైపు తిరుగుతున్నాడు.

ఊరికే ఉండటానికీ మాట్లాడకుండా ఉండటానికీ తేడా నాకు తెలిసింది. ఈ ఇంట్లో నామీదా అలిగే మనిషి ఒకడు ఉన్నాడిప్పుడు.

సాయంత్రం దాకా చూస్తాను. దిగిరాకపోతే రేపు ఆరున్నరకు మేరీ అక్కను అడుగుతాను, ఆ భాషలో బతిమాలడం ఎట్లాగని. నేను బతిమాలడానికి కాదు. నన్ను ఎట్లా బతిమాలాలో ఆయనకు నేర్పడానికి.